ఎడం పక్క సాన

ఏప్రిల్ 28

ఎడం చేత్తో రాస్తున్నా. రోజూ ఇంత రాయమని ఫిజియో అమ్మాయి ఆజ్ఞ. ఈ రెండు ముక్కలకే బొటనవేలు లాగేస్తోంది.

ఏప్రిల్ 29

కుడి చెయ్యి బాగానే ఉంది. మూడు వేళ్ళు మడవడానికి రావు, అంతే.

ఏప్రిల్ 30

అత్తయ్య తొంగిచూసి "కోడి గెలికినట్టుంది" అంది. ఆవిడది పుట్టుకతో ఎడంచేతి వాటం. అందుకని ఆ మిడిసిపాటు. ఎవరికోసం రాస్తున్నానని? నా కోసం. గెలుకుతాను.

మే 2

మేనేజరు ఇంటికొచ్చాడు, చేతిలో పళ్ళ సంచీతో. నేనేదో మంచం పట్టినట్టు మంచం అంచున కూర్చోబోయాడు. కుర్చీ చూపించాను.

"నర్సరీలో మీ చోటెక్కడికీ పోదమ్మా. కౌంటర్ దగ్గర కూర్చోండి. మొక్కలకి చీటీలు రాయడం. నీడపట్టున పని."

"ఏ చేత్తో రాయమంటారు సార్?"

వంటింట్లోంచి అత్తయ్య దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఇరవై మూడేళ్ళు అంటు కట్టాను. కింద మొక్కని చీల్చి, పై పుల్లని చీలలా చెక్కి, అందులో దించి, పట్టీ చుట్టడం. రెండు కోతలూ నున్నగా ఉండాలి. వెంట్రుకంత సందు మిగిలినా పుల్ల ఎండిపోతుంది. నా చేతిలో ఎండేవి తక్కువ. అలాంటిదాన్ని తీసుకెళ్ళి చీటీల దగ్గర కూర్చోబెడతాడట, ముసలమ్మని అరుగు మీద కూర్చోబెట్టినట్టు. ఒళ్ళు మండిపోయింది.

"ఎడం చేత్తో కడతాను" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి ఊడిపడింది.

అతను నవ్వలేదు. అంతవరకు నయం. పళ్ళ సంచీ కింద పెట్టి బేరం పెట్టాడు. జూన్ ఆరో తారీఖున అరవై మామిడి మొక్కలకి అంటు కట్టాలి. నెల తర్వాత లెక్క. యాభై బతికితే అంటు కట్టే బల్ల మళ్ళీ నాది. ఒక్కటి తగ్గినా చీటీలు, ఇంక నోరెత్తకూడదు.

"కత్తి మాత్రం మీరే చూసుకోండి. మడత కత్తే కావాలి, లాక్ గట్టిగా ఉండాలి. స్టోరులో కత్తులన్నీ మూటగట్టించేశాను. స్టోరు బాబాయ్‌ని కూడా పంపించేశాం, లాక్ చెడిన కత్తి మీ చేతికిచ్చినందుకు."

ఫిబ్రవరి 26న జరిగింది అదే. పనిలో ఉండగా కత్తి మూసుకుపోయింది. మూడు వేళ్ళ నరాలు తెగాయి. లాక్ ఆగలేదు. నేనదే చెప్పాను, అదే రాసుకున్నారు. బాబాయ్ వరసకి ఎవరికీ ఏమీ కాడు, నర్సరీ అంతటికీ బాబాయే. పాపం. నేనేం చేసేది, ఉన్నమాట చెప్పాను.

మే 4

ఇంట్లో నా పాత మడత కత్తి ఉంది. కర్ర పిడి, ఇనుప చట్రం. వంటింటి త్రాసులో వేస్తే నూట తొంభై గ్రాములు. కుడి చేతికి ఏనాడూ బరువనిపించలేదు. ఎడం చేత్తో పన్నెండు పుల్లలు చెక్కేసరికి బొటనవేలు వణికింది. అరవై మొక్కలంటే నూట ఎనభై కోతలు.

తేలికది కావాలి. వంద గ్రాముల లోపు.

మే 5

మడత కత్తే ఎందుకు, మామూలు కత్తి కొనుక్కోవే అంటుంది అత్తయ్య. మోకాళ్ళ మీద పాకుతూ, తొట్లమధ్య దూరుతూ చేసే పని అది. ఏప్రన్ జేబులో తెరిచిన కత్తి పెట్టుకుని వంగితే పొట్టలో దిగుతుంది.

"అయితే మూసుకుంటే వేళ్ళు, మూసుకోకపోతే పొట్ట. భలే ఉద్యోగం చేస్తున్నావమ్మాయ్."

ఈవిడతో మాటలు పెట్టుకోకూడదు.

మే 9

సామాన్ల కొట్టు. కొట్టతను గాజు బల్లమీద గుడ్డ పరిచి ఒకటి పెట్టాడు. ఎర్రగా నిగనిగలాడుతోంది. కత్తి, కత్తెర, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, పళ్ళు కుట్టుకునే పుల్ల. యాభై ఐదు గ్రాములు.

"అన్నీ ఉన్నాయక్కా ఇందులో."

"కత్తి తప్ప" అన్నాను. బ్లేడు పట్టుకుని ఊపితే పాలపన్నులా కదిలింది. ఎండిన పుల్లమీద ఒక్క కోత కోస్తే మెలికపడింది. షోకు చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది.

మే 12

నారింజ రంగు ప్లాస్టిక్ పిడి. అరవై గ్రాములు. చేతిలో బాగుంది, నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కొనేద్దామనుకున్నాను. బ్లేడు తెరిచి, వెన్ను బల్ల అంచుకేసి ఒకటి తట్టాను. టక్కున మూసుకుంది. వేళ్ళు దూరంగా పెట్టి కొట్టాను కాబట్టి సరిపోయింది.

కొట్టతను కంగారుపడ్డాడు. "కత్తిని అలా కొడతారా ఎవరైనా?"

డబ్బాలో పెట్టెయ్యమన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ టక్కుమన్న చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

మే 13

కొట్టతనికేం తెలుసు. కత్తి అన్నాక దెబ్బ తగులుతుంది. తట్టుకోవాలి.

మే 16

దొరికింది! డెబ్భై రెండు గ్రాములు. పిడి ఉక్కు రేకు. బరువు తగ్గడానికి రేకు పొడుగునా చిల్లులు కొట్టారు. బ్లేడు నా చూపుడువేలంత. పొట్టిది, కానీ వెన్ను మందం. లాక్ ఎక్కితే పిడికి అతుక్కున్నట్టే ఉంది. బల్ల అంచుకి మూడుసార్లు తట్టాను, నాలుగుసార్లు తట్టాను, చలించలేదు. ఎడం బొటనవేలొక్కదాంతో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

పడవల మీద తాళ్ళు కోసుకునేవాళ్ళు కొంటారట. కొట్టతను ఇంకోటి కూడా చూపించాడు, రెండు పక్కలా సాన పెట్టింది. అది వంటింటికి పనికొస్తుంది, నా పనికి కాదన్నాను. అంటు కత్తికి ఒక పక్కే సాన ఉండాలి, రెండో పక్క అద్దంలా చదునుగా ఉండాలి. ఇరవై మూడేళ్ళుగా చేస్తున్న పని, ఆ మాత్రం తెలియదా. నేను కొన్నదానికి ఒక పక్కే సాన. అచ్చం మా నర్సరీ కత్తుల్లాగే.

ఇంక చూస్కో మేనేజరూ.

మే 17

కంచె కొమ్మలు ఓ మోపు తెచ్చుకుని కూర్చున్నా. తొమ్మిది పుల్లలు చెక్కాను. తొమ్మిదీ వంకర. మొదటిరోజు కదా.

మే 18

వంకర.

మే 19

కత్తి తేలికే. చెయ్యి నొప్పి లేదు. పదును అదిరింది. కోత మాత్రం మధ్యలో ఉబ్బుతోంది. రెండు కోతలు జతపెట్టి వెలుతురుకి చూస్తే సందులోంచి కిటికీ కనిపిస్తోంది. కత్తి పుల్లలోకి దిగకుండా పైకి జారిపోతోంది.

మే 21

పొట్టి వచ్చింది. బల్లమీద నా పక్కన కూర్చునేది, పదకొండేళ్ళ జత. మనిషి నాలుగున్నర అడుగులు, నోరు ఆరడుగులు. నా పుల్లల కుప్ప చూసింది.

"చీటీల పని అంత చెడ్డదేం కాదక్కా" అంది.

"టీ తాగి వెళ్ళు" అన్నాను.

గుమ్మం దగ్గర ఆగి, "బాబాయ్ ఇంట్లోనే ఉంటున్నాడట. ఎక్కడా పనికి పెట్టుకోలేదట" అంది. ఎందుకు చెప్పిందో. నేను అడిగానా?

మే 22

నలభై పుల్లలు. ముప్ఫైతొమ్మిది వంకర. ఒకటి తిన్నగా వచ్చింది, ఎలా వచ్చిందో తెలీదు.

మే 24

రాయబుద్ధి కావడం లేదు. చెయ్యి చెయ్యే. తప్పు చేతిదే. పుల్లలన్నీ పెరట్లో విసిరికొట్టాను. తర్వాత నేనే వెళ్ళి ఏరుకొచ్చాను.

మే 26

నవ్వాలో ఏడవాలో తెలియని రోజు.

మా వంటింటి కత్తికీ నాకూ పెళ్ళైన దగ్గర్నుంచి పడదు. దోసకాయ కోస్తే ముక్క ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. అత్తయ్య కోస్తే నాణేల్లా వస్తాయి. "కత్తి నాది, నా మాటే వింటుంది" అని ఆవిడ టెక్కు. మీ అబ్బాయి కూడా అలాగే ఉండేవాడని నేననేదాన్ని. ఆయన పోయి ఆరేళ్ళు. ఆ మాట ఇప్పటికీ అనుకుంటాం.

ఇవాళ ఆవిడకి నడుము పట్టేసింది. కూరకి నేను కూర్చున్నా. అలవాటు చేసుకోవాలి కదా అని ఎడం చేత్తో పట్టుకున్నా. దోసకాయ సర్రున తెగింది. ఇంకో ముక్క. ఇంకోటి. అన్నీ సమానం. నాణేలు!

"అత్తయ్యా!" అని అరిచాను.

"చెయ్యి కోసుకున్నావా? రెండోది కూడానా?" అంటూ నడుం పట్టుకుని వచ్చింది.

కత్తి వెలుతురుకి పెట్టి చూశాను. ఆవిడ నలభై ఏళ్ళుగా పెరటి బండమీద ఎడం చేత్తో నూరుతోంది. ఒక పక్కే అరిగింది. నా కత్తికి సాన ఉన్నదానికి సరిగ్గా అవతలి పక్క.

కుడి చేత్తో చెక్కేటప్పుడు చదును పక్క పుల్లని ఆనుకుంటుంది, ఏటవాలు పక్క బయటికి ఉంటుంది. అదే కత్తి ఎడం చేతిలోకి మారిస్తే ఏటవాలు పక్కే పుల్లకి ఆనుతుంది. పైకి జారక ఏం చేస్తుంది? ఇరవై మూడేళ్ళు ఒక్క పక్కే నూరాను. ఎందుకు ఆ పక్కే అని ఒక్కనాడూ అనుకోలేదు. పైగా కొట్టతనికి పాఠం చెప్పి, ఏరి కోరి తప్పు పక్కది తెచ్చుకున్నాను. నా అంత తెలివైనది ఉండదు.

చేతిది కాదు తప్పు! చేతిది కాదు!

"ఇరవై మూడేళ్ళకి నా కత్తి దారికొచ్చావు" అంది అత్తయ్య. కూరంతా ఆవిడ ఎదురుగానే కోశాను.

మే 27

వీధిలో సాన పట్టే అతను సైకిల్ ఆపాడు. సాన ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చాలని చెప్పాను. "ఎందుకండీ, రెండు పక్కలా పెట్టేస్తా, దూసుకుపోద్ది" అని చక్రం తిప్పడం మొదలెట్టాడు. నిప్పురవ్వలు లేవకముందే లాక్కున్నాను. ఉక్కు ఒకసారి వేడెక్కి కమిలిందంటే ఇంక దానికి పదును నిలవదు.

కొట్లో ఎడం చేతి కత్తులుండవట. తెప్పిస్తే రెండు నెలలట.

జూన్ ఆరుకి పది రోజులు.

మే 28

"స్టోరు బాబాయ్ దగ్గరికి వెళ్ళు" అంది అత్తయ్య.

"వెళ్ళను."

"ఏం?"

"ఉద్యోగం పోయి ఆయన బాధలో ఉంటే నా కత్తి పట్టుకుని ఎలా వెళ్తాను?"

"రెండు వీధుల అవతల ఉంటాడు. మూడు నెలల్లో పలకరించడానికైనా వెళ్ళావా?"

తీరిక లేదన్నాను. తీరిక లేకపోవడమేమిటి, మూడు నెలలుగా ఇంట్లోనే కూర్చున్నాను.

మే 29

లాక్ ఆగలేదు. ఆగాలి కదా.

మే 30

వెళ్ళాను.

తలుపు పిన్ని తీసింది. నన్ను చూసి, నా చెయ్యి చూసి, లోపలికి రమ్మని పక్కకి జరిగింది. బాబాయ్ కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఎవరిదో గొళ్ళెం బాగుచేస్తున్నాడు. గడ్డం పెంచాడు. లేదు, గీసుకోవడం మానేశాడు.

"కూర్చో అమ్మాయ్. చెయ్యెలా ఉంది?"

కత్తి తీసి బల్లమీద పెట్టాను. విషయం చెప్పాను. వేలి గోటితో అంచు తడిమాడు, తెరిచి మూసి లాక్ విన్నాడు, వెన్ను చూశాడు.

"మంచిది ఏరావు. తేలికగా ఉంది కానీ బొమ్మ కాదు. పదును మొత్తం తీసేసి, అవతలి పక్క కొత్తగా పుట్టించాలి. గోరంత వెడల్పు తగ్గుతుంది. నీళ్ళరాయి మీద, చేత్తోనే. నాలుగు రోజులు పడుతుంది."

"చేసిపెడతావా బాబాయ్?"

సొరుగు లాగి, గుడ్డలో చుట్టింది ఒకటి తీసి నా ముందు విప్పాడు.

నా కత్తి. ఫిబ్రవరిది.

"పారెయ్యమన్నారు. పారెయ్యలేదు. తెరువు."

తెరిచాను. కుడి చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. లాక్ ఖణేల్‌మని ఎక్కింది. ఆయన తీసుకుని బల్ల అంచుకి తట్టాడు. ఆగింది. మళ్ళీ తట్టాడు. ఆగింది. తర్వాత వెన్ను నా వైపు తిప్పాడు. వెన్నుమీద సొట్టలు. లెక్కపెట్టక్కర్లేదు.

"ఎన్ని దెబ్బలు కొట్టావు?"

"ఐదు" అన్నాను.

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. ఆ రోజు లావు మొక్కలొచ్చాయి. లావు కాండం చీల్చడానికి మడతపడని పెద్ద కత్తి వేరే ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టొచ్చు. అది అవతలి బల్ల దగ్గరుంది. భోజనం గంటకి ముందే రెండొందలు కడతానని పొట్టితో పందెం కాశాను. లేచి వెళ్ళి తెచ్చుకోవడానికి బద్ధకం కాదు, పొగరు. మడత కత్తినే కాండం మీద ఆనించి కొమ్మలు కత్తిరించే కత్తెర వెనకతో కొట్టాను. నా నెత్తి మీదే గోడకి రాసుంది, మడత కత్తిని కొట్టరాదని. కొట్టినవాళ్ళని రెండు నెలలు బల్లమీంచి తీసేస్తారు. నాలుగు దెబ్బలకి చీలలేదు. ఐదోది పక్కకి తగిలింది. ఏ లాక్ ఆగుతుంది?

ఆసుపత్రిలో మేనేజరు "లాక్ ఆగలేదా?" అని అడిగాడు. అవునన్నాను. అంతే.

"నీకు ముందే తెలుసు కదా. మరి చెప్పలేదేం బాబాయ్?"

"చెప్తే ఎవరు నమ్ముతారు? ముసలాడు తను తప్పించుకోడానికి చెయ్యి తెగినదాని మీదకి నెడుతున్నాడంటారు." గొంతు పెంచలేదు. "ఇంకో మాట కూడా ఉంది. నువ్వే చెప్తావనుకున్నాను. మూడు నెలలు చూశాను."

తల తీసేసినట్టయింది. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడలేకపోయాను.

"రేపే వెళ్ళి చెప్తాను" అన్నాను.

"రేపు చెప్తే ఆరో తారీఖున బల్ల దగ్గరికి రానివ్వరు. నీ చెయ్యి ఇంతే అని రాసేస్తారు. అంటు కట్టు. అవి తేలాక చెప్పు." నా కొత్త కత్తి తన వైపు లాక్కున్నాడు. "చెప్పకపోతే మాత్రం ఇంక నా వీధిలోకి రాకు."

ఆయన ఆగమన్నందుకు నాకు హాయనిపించింది. ఆ హాయి కలిగినందుకు సిగ్గేసింది. రెండూ రాస్తున్నాను.

జూన్ 3

కత్తి వచ్చింది. సాన ఎడం పక్క. బ్లేడు కాస్త సన్నబడింది, వెన్ను మందం అలాగే ఉంది. అరవై ఎనిమిది గ్రాములు. మొదటి పుల్ల చెక్కాను. జతపెట్టి వెలుతురుకి చూశాను. ఏమీ కనిపించలేదు. కిటికీ లేదు, ఆకాశం లేదు, ఏమీ లేదు!

అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ ఒక పుల్ల చెక్కి, "నాకోటి చేయించు" అంది.

జూన్ 5

రోజుకి డెబ్భై పుల్లలు. ఎండిన కర్ర, పచ్చి కర్ర, ముళ్ళకొమ్మ. కత్తి వదులవలేదు, పదును పోలేదు. రేపు.

జూన్ 6

కట్టాను. అరవై.

పొద్దున్నే నా బల్లే నాకు కుదరలేదు. ఎడం వైపు నుంచి చేసేటప్పుడు అన్నీ తిరగేసి పెట్టుకోవాలి, పుల్లల బుట్ట, తడిగుడ్డ, పట్టీలు. మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పొట్టి మొక్కలు అందివ్వొచ్చు, అంతకు మించి సాయం చెయ్యకూడదు.

మొదటి పది మెల్లిగా నడిచాయి. పుల్లని కుడి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి పట్టుకోవడం నేర్చుకున్నాను. పట్టీ ఒక కొస పళ్ళతో పట్టి లాగాను. "అబ్బా, కుక్కలాగా" అంది పొట్టి. "అరుస్తుంది కూడా, జాగ్రత్త" అన్నాను. ఇరవై దాటాక చెయ్యే వెళ్ళిపోయింది, నేను దాని వెనక నడిచాను. పాత కత్తైతే ఈపాటికి బొటనవేలు పడిపోయేది.

ముప్ఫైనాలుగోది లావు కాండం. ఒక్క క్షణం ఆగాను. పొట్టి నా వైపు చూసింది, నేను పొట్టి వైపు చూశాను. కత్తి మూసి జేబులో వేసుకుని, అవతలి బల్ల దాకా నడిచి వెళ్ళి, పెద్ద కత్తి తెచ్చుకున్నాను.

నాలుగున్నరకి అయిపోయింది. మేనేజరు అన్నిటికీ తాడు కట్టి సీలు వేయించాడు, నేనేదో దొంగతనంగా మొక్కలు మారుస్తానన్నట్టు. వేసుకోనీ.

జూన్ 14

ఎనిమిది రోజుల మొక్కని చూసి ఏమీ చెప్పలేం. అయినా కంచె సందులోంచి చూసొచ్చాను.

జూన్ 19

చిగురు! ముందు వరసలో మూడో మొక్క. గోరంత, రాగి రంగు.

జూన్ 23

ఒక ఆలోచన వచ్చింది. బాబాయ్‌కి వేరే చోట పని నేనే చూసిపెట్టొచ్చు. పొట్టి తమ్ముడి గోదాములో మనిషి కావాలట. అప్పుడు చెప్పక్కర్లేదు కదా. ఎవరికీ నష్టం లేదు.

జూన్ 24

నిన్న రాసింది చదివాను. ఛీ.

జూన్ 28

అత్తయ్యకి చెప్పేశాను. ఐదు దెబ్బలూ. ఆవిడ వింటూ బియ్యంలో రాళ్ళేరుతూనే ఉంది.

"బల్ల పోతుందేమో అత్తయ్యా."

"పోతుంది."

"ఇంత చేసి!"

"ఇంత చేశావు కాబట్టే చెప్పగలుగుతావు. చేతకానప్పుడు చెప్తే అది ఏడుపు అయ్యేది." తర్వాత చేట నా ముందుకి తోసింది. "నా కళ్ళకి ఆనడం లేదు, నువ్వేరు."

జూలై 2

నలభైకి పైగా పచ్చగా కనిపిస్తున్నాయి. దూరం నుంచి సరిగ్గా తెలియదు. పదకొండో మొక్క పోయింది. అది నా తప్పే, పట్టీ వదులు.

జూలై 5

రేపు. రెండూ రేపే.

జూలై 6

యాభై మూడు.

మేనేజరు ఒక్కో మొక్కా గోటితో గీకి చూశాడు. లోపల పచ్చదనం ఉంటే బతికినట్టు. పొట్టి గట్టిగా లెక్కపెట్టింది. యాభై దాటాక దాని గొంతు నర్సరీ గేటు దాకా వినిపించి ఉంటుంది. బల్లల మీద వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. ఏడవకూడదనుకున్నాను. ఏడిచాను.

మేనేజరు కూడా సంతోషించాడు, అన్యాయం ఎందుకు చెప్పాలి. "ఫోటో తీద్దామమ్మా! ఎడం చేత్తో కత్తి పట్టుకోండి. ఆఫీసులో పెడదాం, అందరికీ ధైర్యంగా ఉంటుంది."

"ఫోటో తర్వాత సార్. ముందు నా మాట వినండి."

అందరి ముందే చెప్పాను. లోపలికెళ్ళి చెప్దామని కాళ్ళు లాగాయి, వెళ్ళనివ్వలేదు. లాక్ చెడలేదన్నాను. కత్తిని కత్తెర వెనకతో ఐదుసార్లు కొట్టానన్నాను. బాబాయ్ ఇచ్చింది శుభ్రమైన కత్తి, అబద్ధం నాదన్నాను. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. పొట్టి తల దించుకుంది. చెయ్యి తెగిన రోజు అది నా పక్కనే ఉంది.

మేనేజరు ఆఫీసులోకి తీసుకెళ్ళి తలుపేశాడు.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా? ఆ రిపోర్టు మీద నా సంతకం ఉంది. ఇలా చేద్దాం. ఆయన్ని పెద్దాయన కదా అని జాలితో వెనక్కి పిలుద్దాం. మీరు చెయ్యి నొప్పిగా ఉందని ఓ కాయితం ఇవ్వండి. రెండు నెలలు చీటీలు రాసుకోండి. ఎవరికీ మచ్చ రాదు."

"ఆయనకి జాలి ఎందుకు సార్? ఆయనేం తప్పు చేశాడు?"

"సరే, జాలి వద్దు. పొరపాటున తీసేశామని రాస్తాను."

"నా సంగతి?"

"చెప్పాను కదా, చెయ్యి నొప్పి."

"నా చేతికి నొప్పి లేదు. యాభై మూడు మీరే లెక్కపెట్టారు."

"అయితే ఏం రాయమంటారు?" విసుక్కున్నాడు. "జరిగింది రాస్తే రూలు ప్రకారం రెండు నెలలు బల్లమీంచి తీసెయ్యాలి. పైపు పట్టుకుని నీళ్ళు పోస్తారా? బోర్డు మీద నోటీసు పెట్టాలి. అబద్ధం చెప్పిందని నలుగురూ చదువుతారు. మిమ్మల్ని కాపాడదామని చూస్తుంటే అర్థం కాదేంటమ్మా?"

"తప్పు చేశానని రాయండి సార్, భరిస్తాను. చేతకాదని మాత్రం రాయకండి. అది నిజం కాదు."

కాయితం తీసి రాయడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ ముందు "అనారోగ్య కారణాల వల్ల" అని రాశాడు. ఆ ముక్క మీద వేలు పెట్టాను. కుడిచేతి వేలే, మడత పడనిది. కొట్టేశాడు. కొట్టివేత బాగోదని వేరే కాయితం తీసి మొదట్నుంచి రాశాడు.

అక్కణ్ణుంచి నేరుగా బాబాయ్ ఇంటికెళ్ళాను. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. "ఊఁ" అన్నాడు. పిన్ని కూర్చోమంది. కూర్చున్నాను.

జూలై 8

నోటీసు పెట్టారు.

స్టోరు కిటికీ తెరిచి ఉంది. బాబాయ్ గడ్డం గీసుకుని, మూటగట్టిన కత్తులన్నీ విప్పి ఒక్కోటీ తుడుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపలేదు. "నీ కొత్త కత్తి శనివారం పట్రా, లాక్‌లో నూనె వెయ్యాలి" అన్నాడు. రెండు నెలలు దాంతో పని లేదన్నాను. "తర్వాత ఉంది కదా" అన్నాడు.

బోర్డు దగ్గర అందరూ మూగారు. గుసగుసలు. నేను వెళ్ళేసరికి దారిచ్చారు. నాలుగు వరసలు. మడత కత్తిని రూలుకి విరుద్ధంగా కొట్టినందుకు, నింద స్టోరు మీద వేసినందుకు, రెండు నెలలు నీళ్ళ పనికి మార్చడమైనది. తర్వాత తన బల్లకి తిరిగి రావలెను.

పొట్టి నా మోచెయ్యి పట్టుకుంది. "ఇంతమంది చదువుతున్నారు, సిగ్గుగా లేదూ అక్కా?"

"సిగ్గుగానే ఉంది" అన్నాను. "అయినా ఇంకోసారి చదువు. నా చెయ్యి గురించి ఒక్క ముక్కైనా ఉందేమో చూడు."

పైనుంచి కిందదాకా చదివింది.

"లేదు" అంది.

పైపు తీసుకుని వెళ్ళాను.